‘తొలి మహిళ’ అన్న మాట దగ్గర ఆగని పుస్తకం

చట్టసభల్లో అడుగుపెట్టిన తొలితరం స్త్రీల గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పేది సాధారణంగా ఒక్క వాక్యం. ఫలానా సంవత్సరంలో ఫలానా సభకు ఎన్నికైన తొలి మహిళ ఫలానావారు, అంతే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఆ వాక్యాన్ని కంఠస్థం చేస్తారు, పరీక్ష అయిపోగానే మరిచిపోతారు. ఆ మనిషి ఏ ఊరినుంచి వచ్చింది, అంతకు ముందు ఏ జైల్లో ఉంది, ఆమెకు ఓటు వేసినవాళ్లు ఎవరు, సభలో ఏం మాట్లాడింది, తర్వాతి ఎన్నికల్లో ఏమైంది అన్న ప్రశ్నలు ఎవరికీ రావు. నలభై ఏళ్లకు దగ్గరగా ఆడపిల్లల కళాశాలలో చరిత్ర చెప్పినదాన్ని కనుక ఈ లోటు నాకు బాగా తెలుసు. తరగతిలో ముత్తులక్ష్మీ రెడ్డి పేరు చెప్పి, ఆమె సభలో చేసిన వాదన చదివించడానికి తెలుగులో ఒక్క మంచి పుస్తకం దొరకక ఇబ్బంది పడిన రోజులున్నాయి. ఆ లోటు తీర్చే పుస్తకం నా విద్యార్థిని చేతిమీదుగానే రావడం నాకు దక్కిన భాగ్యం.

ఈ అమ్మాయి చదువుకునే రోజుల్లో కూడా పాఠంలో ఉన్నది ఉన్నట్టు ఒప్పుకునేది కాదు. ‘తర్వాత ఏమైంది మేడం’ అన్నది ఆమె ఎప్పుడూ అడిగే ప్రశ్న. ఈ పుస్తకం మొత్తం ఆ ప్రశ్నకు జవాబే. గెలుపు దగ్గర మొదలుపెట్టి గెలుపు దగ్గరే ముగించే జీవిత చరిత్రలు మనకు చాలానే ఉన్నాయి. ఈమె మాత్రం గెలుపును మధ్యలో పెట్టుకుని వెనక్కీ ముందుకీ చూసింది. సభలోకి రావడానికి ముందున్న పాతిక ముప్ఫై ఏళ్లూ, సభ నుంచి బయటికి వచ్చాక మిగిలిన ఏళ్లూ ఈ పుస్తకంలో ఉన్నాయి. నా దృష్టిలో ఈ రచనకున్న అసలు విలువ అదే.

తెలుగులో స్త్రీల చరిత్ర స్త్రీలే రాయడం కొత్త సంగతి కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే భండారు అచ్చమాంబ గారు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రాశారు. బడికి వెళ్లే అవకాశం లేని మనిషి, ఇంట్లోనే చదువు నేర్చుకుని, దేశమంతా గాలించి స్త్రీల చరిత్రలు పోగుచేశారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1905లోనే ఆమె కన్నుమూశారు. ఆనాటికి మద్రాసు రాజధానిలో ఏ స్త్రీకీ శాసనసభకు ఓటు లేదు. అయినా ఓటుకు కావలసిన నేలను దున్నినవారు ఆమె వంటి వారే. స్త్రీ సమాజాలు, ఆడపిల్లల బళ్లు, హాస్టళ్లు, స్త్రీల పత్రికలు లేకపోతే ఓట్ల పెట్టె దాకా వెళ్లే స్త్రీ, అభ్యర్థిగా నిలబడే స్త్రీ తయారయ్యేవారు కారు. ఈ పుస్తకం మొదటి అధ్యాయం ఆ సంస్థలకే కేటాయించడం చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు పెట్టిన శారదానికేతనం, హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు గారి బాలికల పాఠశాల, ఆంధ్ర యువతీ మండలి, మద్రాసులో దుర్గాబాయి గారి ఆంధ్ర మహిళా సభ, వీటి చరిత్రను వేరు చేసి శాసనసభ్యురాళ్ల చరిత్ర చెప్పలేము.

ఓటు ఎలా వచ్చిందో చెప్పిన భాగాన్ని పాఠకులు తొందరపడకుండా చదవాలని కోరుతున్నాను. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు గారి నాయకత్వంలో స్త్రీల ప్రతినిధి వర్గం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి, పురుషులతో సమానంగా ఓటు హక్కు అడిగింది. అదే ఏడాది అడయారులో స్త్రీల భారతీయ సంఘం పుట్టింది. 1919 భారత ప్రభుత్వ చట్టం ఆ కోరికను నేరుగా ఒప్పుకోలేదు. స్త్రీలకు ఓటు ఇవ్వాలో వద్దో రాష్ట్రాల మండళ్లే తేల్చుకోవాలని వదిలేసింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ముందుగా ఒప్పుకున్నది మద్రాసు, 1921లో. అయితే ఆస్తి ఉన్నవారికే ఓటు కనుక, ఆస్తి పురుషుల పేర్ల మీదే ఉండేది కనుక, ఆ హక్కు అందిన స్త్రీలు బహు కొద్దిమంది. పైగా ఓటు వేయవచ్చు గాని పోటీ చేయడానికి లేదు. ఆ రెండో తలుపు 1926లో తెరుచుకుంది.

తెరుచుకున్న ఏడే కమలాదేవి ఛటోపాధ్యాయ మంగళూరు నుంచి మద్రాసు శాసన మండలికి నిలబడ్డారు. ఎన్నికల ప్రచారానికి ఉన్న గడువు చాలా తక్కువ. అయినా స్వల్ప తేడాతోనే ఓడిపోయారు. గెలిచినవారి పుస్తకంలో ఓడిన కమలాదేవికి చోటెందుకని ఎవరైనా అనవచ్చు. రచయిత్రి ఆమెకు చోటిచ్చింది, సరిగ్గానే చేసింది. స్త్రీ నిలబడితే ఓటర్లు ఆమెవైపు చూస్తారని దేశానికి మొదటిసారి తెలిసింది ఆ ఓటమి వల్లనే.

ముత్తులక్ష్మీ రెడ్డి గారి అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. ఆమె ఎన్నికై రాలేదు, నామినేట్ అయ్యారు. ఆ తేడాను రచయిత్రి దాచలేదు. 1886లో పుదుక్కోటలో పుట్టారు. తండ్రి కళాశాల ప్రిన్సిపాలు, తల్లి దేవదాసీ కుటుంబానికి చెందినవారు. మగపిల్లలు చదివే కళాశాలలో చేరడానికే పోట్లాడవలసి వచ్చింది. మద్రాసు వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని, డాక్టరుగా పేరు తెచ్చుకుని, నలభై ఏళ్ల వయసులో శాసన మండలిలో కూర్చున్నారు. 1927లో సభ్యులంతా ఏకగ్రీవంగా ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. పదవి దొరికింది కదా అని ఆమె ఊరుకుంటే చరిత్రలో ఒక పంక్తి మిగిలేది. ఆమె ఊరుకోలేదు. దేవాలయాలకు ఆడపిల్లలను అంకితం చేసే ఆచారాన్ని ఆపాలని సభలో ప్రతిపాదన తెచ్చారు. సత్యమూర్తి వంటి పేరుమోసిన కాంగ్రెసు పెద్దలు దాన్ని వ్యతిరేకించారు. ఆలయ సేవకు ముడిపెట్టిన ఈనాం భూములను ఆ సేవ నుంచి విడదీస్తూ 1929లో హిందూ దేవాదాయ చట్టానికి సవరణ వచ్చింది. భూమి పోతుందన్న భయంతో కూతురిని గుడికి ఇవ్వవలసిన అవసరం దానితో తప్పింది. అంకితాన్నే నిషేధించే బిల్లును ఆమె 1930లో పెట్టారు. అది చట్టమయ్యేసరికి 1947 వచ్చింది.

పదిహేడు ఏళ్లు పట్టింది. ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో ఈ పుస్తకం చాలా ఓపికగా చెప్పింది. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా ముత్తులక్ష్మీ రెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. బిల్లును ముందుకు నడిపించే మనిషి సభలో లేకపోతే అది ఎలా మూలపడుతుందో, సభ బయట నుంచి ఎంతమంది ఎన్ని సంవత్సరాలు తోస్తే కదులుతుందో ఇక్కడ చూడవచ్చు. మన ఆంధ్ర ప్రాంతంలో యామినీ పూర్ణతిలకం గారు ఊరూరా తిరిగి చేసిన ప్రచారం కూడా ఆ తోపులో భాగమే. ముత్తులక్ష్మీ రెడ్డి గారు తమ శాసనసభ అనుభవాలను 1930లోనే ఇంగ్లీషులో పుస్తకంగా రాసిపెట్టారు. తాను చేసిన పనిని తానే కాగితం మీద పెట్టడం ఆమె చేసిన గొప్ప మేళ్లలో ఒకటి. ఆ తర్వాత వచ్చిన ఎంతమంది శాసనసభ్యురాళ్లు ఆ పని చేశారు? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ అధ్యాయంలోనే రచయిత్రి ధైర్యం కూడా కనబడుతుంది. చట్టాన్ని దేవదాసీ కులాల స్త్రీలంతా స్వాగతించలేదు. మద్రాసులోని దేవదాసీల సంఘం అర్జీలు పెట్టింది. తమ సంగీతం, తమ ఆస్తి హక్కు, తమ బతుకు గురించి తమను అడగకుండా నిర్ణయిస్తున్నారని వాదించింది. వారిలో బెంగుళూరు నాగరత్నమ్మ గారు ముఖ్యులు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను పరిష్కరించి 1910లో అచ్చు వేయించిన ఆ విదుషీమణి మాట తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. నాకు ముత్తులక్ష్మీ రెడ్డి గారి పక్షమే న్యాయమనిపిస్తుంది. చిన్నపిల్లకు ఊహ తెలియకముందే ఆమె జీవితాన్ని తేల్చేయడం ఏ కళ పేరుతోనూ సమర్థించలేము. కాని నాగరత్నమ్మ గారి అభ్యంతరాన్ని కూడా ఇంత వివరంగా, ఇంత మర్యాదగా నమోదు చేసిన తెలుగు పుస్తకాన్ని నేను ఇదివరకు చదవలేదు. పొగడదలచుకున్న మనిషికి ఎదురు నిలిచినవారి మాట కూడా చెప్పడం చరిత్రకారుల ధర్మం. ఆ ధర్మాన్ని మా అమ్మాయి నిలబెట్టింది.

1935 భారత ప్రభుత్వ చట్టంతో లెక్క మారింది. రాష్ట్రాల శాసనసభల్లో స్త్రీలకు 41 స్థానాలు ప్రత్యేకించారు. 215 మంది ఉన్న మద్రాసు శాసనసభలో ఎనిమిది వారి వంతు. ఆ ఎనిమిదిలో ఒకటి ముస్లిం స్త్రీకి, ఒకటి భారతీయ క్రైస్తవ స్త్రీకి. ఈ స్థానాలను స్త్రీల సంఘాలు అడిగి తెచ్చుకున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రధాన స్త్రీ సంఘాలు ప్రత్యేక స్థానాలు వద్దనే అన్నాయి, వయోజనులందరికీ ఓటు కావాలని కోరాయి. మతాలవారీగా తమను విడదీయడం వారికి నచ్చలేదు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభలోని స్త్రీలు కూడా ప్రత్యేక స్థానాలు కోరలేదు. వారి నమ్మకం ఉన్నతమైనదే. కాని ఆ తర్వాతి ఎన్నికల ఫలితాలు ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదని నా అభిప్రాయం. పార్టీలు టిక్కెట్లు ఇచ్చే గదిలో స్త్రీ లేనప్పుడు సమాన హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

1937లో మద్రాసు సభకు వచ్చిన రుక్మిణీ లక్ష్మీపతి గారిని తెలుగువాళ్లం మనం ఇంకాస్త బాగా గుర్తుపెట్టుకోవలసింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి భార్య. 1930లో రాజాజీ నడిపిన వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 1937లో ఆ సభ కొలువుదీరినప్పుడు సభాపతి స్థానంలో మన కాకినాడ బులుసు సాంబమూర్తి గారు, ఉప సభాపతి స్థానంలో రుక్మిణీ లక్ష్మీపతి గారు. 1946లో టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా మంత్రివర్గం ఏర్పరిచినప్పుడు ప్రజారోగ్య శాఖను ఆమెకు అప్పగించారు. ఆ మంత్రివర్గం ఏడాది కూడా నిండకుండానే పడిపోయింది. ప్రకాశం గారి పతనం గురించి తెలుగులో ఎన్నో పుటలు వచ్చాయి. ఆ పతనంతో ఆగిపోయిన ఆరోగ్య మంత్రి పని గురించి మాత్రం ఈ పుస్తకంలోనే మొదటిసారి తెలుగులో చదివాను. చెన్నపట్నంలో ఒకప్పటి మార్షల్స్ రోడ్డు ఇప్పుడు ఆమె పేరు మీద ఉంది. ఆమె మెట్టినింటి భాష మాట్లాడే ఊళ్లలో ఆ పేరు తెలిసినవారు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు.

ఇక 1952. వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి సాధారణ ఎన్నికలు. ఓటర్ల జాబితాలు తయారుచేసేటప్పుడు దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు కొట్టివేయవలసి వచ్చింది. ‘ఫలానా వారి భార్య’, ‘ఫలానా వారి తల్లి’ అని చెప్పారే గాని బయటి మనిషికి తమ పేరు చెప్పడానికి వారు ఒప్పుకోలేదు. ఉత్తరాదిన ఈ సమస్య ఎక్కువ. అటువంటి దేశంలో తన పేరును గోడల మీద రాయించుకుని, ఆ పేరుకు ఓటు వేయమని బజారులో నిలబడి అడిగిన స్త్రీకి ఎంత గుండె కావాలో ఇప్పటి పిల్లలు ఊహించుకోవాలి.

ఆ ఏడు హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు 175 మంది ఎన్నికయ్యారు. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసి ఉన్న సభ అది. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు అన్నీ అక్కడ వినబడేవి. ఆ సభకు వచ్చిన స్త్రీలను ఒక్క చోట నిలబెట్టి చూస్తే హైదరాబాదు రాష్ట్ర చరిత్ర మొత్తం కళ్లముందు కదులుతుంది. ఒకరు సాయుధ పోరాటం నుంచి వచ్చారు, ఒకరు సత్యాగ్రహం నుంచి వచ్చారు, ఒకరు నగరంలోని చదువుకున్న ముస్లిం కుటుంబం నుంచి వచ్చారు.

ఆరుట్ల కమలాదేవి గారిది ఆలేరు. పుట్టినప్పుడు పెట్టిన పేరు రుక్మిణి. ఆరుట్ల రామచంద్రారెడ్డి గారిని పెళ్లాడాక కమలాదేవి అయ్యారు. ఆంధ్ర మహాసభ పనితో మొదలై, నిజాం పాలనకూ దొరలకూ ఎదురు నిలిచిన సాయుధ పోరాటంలోకి నడిచి, అజ్ఞాతవాసం, జైలు అన్నీ చూశారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. కొద్ది నెలలకే ఎన్నికలు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడంతో ప్రజాస్వామిక ఫ్రంటు పేరుతో నిలబడ్డారు, ఆలేరు ప్రజలు గెలిపించారు. 1957లో, 1962లో మళ్లీ వారే గెలిపించారు. వరుసగా మూడుసార్లు ఒకే నియోజకవర్గం ఒక స్త్రీని పంపడం ఆనాడు చిన్న విషయం కాదు. ‘భర్త పేరు మీద గెలిచింది’ అనే మాట స్త్రీల విషయంలో ఎంత సులువుగా అనేస్తారో మనకు తెలుసు. భార్యాభర్తలిద్దరూ పోరాటంలో ఉన్నవారే, ఇద్దరూ శాసనసభ్యులైనవారే. భర్త గెలుపును భార్య ఖాతాలో వేసి లెక్కకట్టే పని ఎవరూ చేయరు, భార్య గెలుపును భర్త ఖాతాలో వేయడం మాత్రం అలవాటు. రచయిత్రి ఈ అలవాటును ఎక్కడా దగ్గరికి రానీయలేదు. దళంలో నేర్చుకున్న క్రమశిక్షణ, ఊళ్లలో సంపాదించుకున్న చనువు, పేదల భూమి గురించి ఉన్న పట్టు ఈ గెలుపులకు మూలమని నిలబెట్టి చెప్పింది.

సంగం లక్ష్మీబాయి గారు బాన్సువాడ నుంచి కాంగ్రెసు తరఫున వచ్చారు. ఘట్‌కేసరు ప్రాంతంలో పుట్టి, గుంటూరు శారదానికేతనంలో చదువుకున్నారు. నిజాం రాజ్యపు పిల్ల ఆంధ్ర జిల్లాల్లో చదివి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, తిరిగి వచ్చి హైదరాబాదు ప్రభుత్వంలో విద్యాశాఖ ఉపమంత్రి అయ్యారు. తర్వాత లోక్‌సభకు మూడుసార్లు ఎన్నికయ్యారు. అనాథలైన ఆడపిల్లల కోసం ఇందిరా సేవాసదనం నెలకొల్పారు. ‘నా జైలు జ్ఞాపకాలు, అనుభవాలు’ రాసి ఉంచారు కనుక ఈమె గొంతు మనకు నేరుగా వినబడుతుంది. మాసూమా బేగం గారు శాలిబండ నుంచి గెలిచారు. 1957లో పత్తర్‌గట్టీ నుంచి మళ్లీ గెలిచి, ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. ఆమె తల్లి తయ్యబా బేగం గారు కూడా స్త్రీ విద్య కోసం పనిచేసినవారే. పాతనగరంలో, పరదా ఇంకా బలంగా ఉన్న కాలంలో ఒక ముస్లిం స్త్రీ రెండుసార్లు గెలవడం మీద ఉర్దూ ఆధారాలు వెతికి రచయిత్రి రాసిన పుటలు నాకు పూర్తిగా కొత్త.

టి.ఎన్. సదాలక్ష్మి గారి గురించి రాయకుండా ఈ ముందుమాట ముగించలేను. సికింద్రాబాదు పెన్షన్‌పురా బస్తీలో, పాకీపని చేసే కుటుంబాల మధ్య పుట్టి పెరిగారు. 1957లో శాసనసభకు వచ్చారు. 1960లో ఉప సభాపతి అయ్యారు. దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ముందు వరుసలో కూర్చుని ఉండగా, ఒక దళిత స్త్రీ సభాధ్యక్ష స్థానం నుంచి ‘కూర్చోండి’ అంటే అందరూ కూర్చున్న సభ అది. ఆ తర్వాత దేవాదాయ శాఖ మంత్రి అయ్యారు. గుడి గడప దాటనీయని కులంలో పుట్టిన ఆడమనిషి రాష్ట్రంలోని గుళ్లన్నిటికీ మంత్రి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ సంగతి చెబుతుంటే నాకు గొంతు పట్టుకుంటుంది. 1969లో తెలంగాణ ఉద్యమంలో ముందున్నారు. వృద్ధాప్యంలో మాదిగ దండోరాకు అండగా నిలిచారు. గోగు శ్యామల గారు ‘నేనే బలాన్ని’ పేరుతో ఆమె బతుకు కథను రాసి 2011లో వెలువరించకపోతే మన తర్వాతి తరానికి ఈమె పేరు కూడా మిగిలేది కాదేమో. శ్యామల గారి పుస్తకానికి తాను ఎంత రుణపడి ఉందో రచయిత్రి మొదటి పుటలోనే చెప్పుకుంది. అది సంస్కారం.

1967లో ఎల్లారెడ్డిలో జరిగిన ఎన్నిక మీద ఈ పుస్తకంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అక్కడ సదాలక్ష్మి గారు కాంగ్రెసు అభ్యర్థి. ఎదురుగా రిపబ్లికన్ పార్టీ నుంచి జెట్టి ఈశ్వరీబాయి గారు. ఇద్దరూ దళిత స్త్రీలు, ఇద్దరూ సికింద్రాబాదు బస్తీల నుంచి ఎదిగినవారు, ఇద్దరూ అంబేద్కర్ గారి మాట విని పెరిగినవారు. ఈశ్వరీబాయి గారు గెలిచారు, 1972లో మళ్లీ గెలిచారు. ఈ పోటీని ‘ఇద్దరు ఆడవాళ్ల తగువు’గా చూసే చూపు ఒకటుంది. రచయిత్రి దాన్ని రెండు రాజకీయ మార్గాల మధ్య పోటీగా చూసింది. అధికార పార్టీ లోపల ఉండి తమవాళ్లకు దారి చేయాలా, బయట ఉండి అంబేద్కర్ పార్టీ జెండా కింద ప్రశ్నించాలా అన్నది దళిత రాజకీయాల్లో నేటికీ తేలని వాదం. ఆ వాదాన్ని ఒక నియోజకవర్గంలో ఇద్దరు స్త్రీలు తమ జీవితాలతో జరిపారు. పుస్తకంలో అన్నిటికన్నా గట్టి అధ్యాయం ఇదే. దీన్ని విడిగా అచ్చు వేసి విద్యార్థులకు ఇచ్చినా బాగుంటుంది.

మెచ్చుకోలుతో పాటు పెద్దదాన్నిగా ఒకటి రెండు మాటలు చెప్పాలి. 1955 ఆంధ్ర శాసనసభ గురించిన అధ్యాయం పలుచగా ఉంది. 1957లో తెలంగాణకు మాత్రమే ఎన్నికలు జరిగాయి, ఆంధ్ర ప్రాంత సభ్యులు 1955లో ఎన్నికైనవారే 1962 దాకా కొనసాగారు. ఆ ఏడేళ్ల సభలో కోస్తా, రాయలసీమ స్త్రీలు ఏం చేశారన్నది ఇంకా తవ్వి తీయవలసి ఉంది. ఓడిపోయిన స్త్రీలకు కమలాదేవి ఛటోపాధ్యాయ తర్వాత చోటు తగ్గింది. రాజ్యాంగ సభలో అంతటి పాత్ర పోషించిన దుర్గాబాయి గారు సైతం 1952లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. అటువంటి ఓటముల మీద ఒక అధ్యాయం కావాలి. రెండో ముద్రణలో ఈ రెండూ చేర్చమని అమ్మాయిని ఆదేశిస్తున్నాను, కోరడం లేదు. గురువుకు ఆ అధికారం ఉంటుంది.

భాష గురించి ఒక్క మాట. శాసనసభ చర్చల నివేదికలు చదవడానికి చాలా కష్టమైనవి. సవరణలు, అంతరాయాలు, సభాపతి రూలింగులు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. వాటిలోంచి ఒక మనిషి గొంతును విడదీసి, ఇంటర్మీడియెట్ చదివే పిల్లకు కూడా అర్థమయ్యే తెలుగులో చెప్పింది. తెలంగాణ స్త్రీల మాటలను తెలంగాణ తెలుగులోనే ఉంచింది, కోస్తా వాళ్ల మాటలను వాళ్ల తీరులోనే ఉంచింది. పాఠ్యపుస్తకాల భాషలోకి అందరినీ కుక్కలేదు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఒక మహిళ సభాపతి కావడానికి 1999 దాకా ఆగవలసి వచ్చింది. ప్రతిభా భారతి గారు ఆ స్థానంలో కూర్చునే నాటికి సదాలక్ష్మి గారు ఉప సభాపతి అయి దాదాపు నలభై ఏళ్లు. లోక్‌సభలో, శాసనసభల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలు కేటాయించే రాజ్యాంగ సవరణ 2023లో వచ్చింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలు అని అందులోనే రాశారు. ఆ రోజు వచ్చినప్పుడు ఎన్నికయ్యే స్త్రీలు తమకు ముందు ఎవరూ లేరనుకుని సభలోకి వెళ్లకూడదు. వారి చేతుల్లో పెట్టదగిన పుస్తకం ఇది.

పాఠకులకు నా విన్నపం ఒకటే. మీ ఇళ్లలో నాయనమ్మో, అమ్మమ్మో, మేనత్తో పంచాయతీకో, మునిసిపాలిటీకో, శాసనసభకో నిలబడి ఉంటే, గెలిచినా ఓడినా, వారి ఎన్నికల కరపత్రాలు, ఉత్తరాలు, ఫొటోలు పాత పెట్టెల్లో ఉండే ఉంటాయి. వాటిని పాత కాగితాలవాడికి వేయకండి. దగ్గరలో ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో, రాష్ట్ర పురాలేఖ భాండాగారానికో ఇవ్వండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే నకలైనా తీసి ఇవ్వండి. ఈ పుస్తకానికి రెండో సంపుటం రాయడానికి మా అమ్మాయి సిద్ధంగా ఉంది, ఆమెకు కావలసింది ఆ కాగితాలే.